పెదనాన్న మళ్లీ ఊదిన సాయంత్రం

మొన్న కుప్పంలో ఒక పెళ్లికి వెళ్లాను. తాళి కట్టే వేళకు ఫొటోలు తీసే ఆయన తన సెల్‌ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించి గట్టిమేళం మోగించాడు. సరిగ్గా మూడో ముడి దగ్గర ఎవరో ఆయనకు ఫోన్ చేశారు. మేళం ఆగి హాలంతా రింగ్‌టోన్ మోగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, నా నాలుక నాకు తెలియకుండానే ముందు పళ్లను తడుముకుంది. మేళం కోసం మా పెదనాన్న పోగొట్టుకున్నవి ఆ పళ్లే.

మదనపల్లెలో పెదనాన్న నాదస్వరం వాయించేవాడు, మా చిన్నాన్న డోలు. పెళ్లికి మేళం ఒప్పుకున్న నాటి నుంచి పెదనాన్న పులుపు ముట్టడు, చల్లటి నీళ్లు తాగడు, ఇంట్లో గట్టిగా అరవడు. "ఆ కడపటిది మాత్రం నాకు శానా బాగుండాది" అనేది పెదమ్మ. ఆమెకు ఆ సంగీతం మీద వేరే అభిప్రాయమేమీ లేదనుకునేవాళ్లం.

ఆయన పళ్లు పోయిన ఆ పుంగనూరు పెళ్లి మా దూరపు బంధువుల అమ్మాయిది. పగటి ముహూర్తం. మగపెళ్లివారు డీజే బండి తెచ్చి పందిరి ముందే నిలిపారు. ఆ దెబ్బకు గ్లాసుల్లో నీళ్లు వణుకుతున్నాయి, పురోహితుడి పెదవులు కదలడమే తప్ప మంత్రం వినపడడం లేదు. పెదనాన్న నాదస్వరం చేత్తో పట్టుకునే బండి దగ్గరికి వెళ్లాడు.

"తాళి కట్టేదాంకా ఆపండప్పా. అయినాంక మీ ఇష్టం."

పెళ్లికొడుకు వైపు బంధువొకడు అప్పటికే తాగి ఉన్నాడు. "నీ పీపీ ఎవురికి కావల్ల? పోయి అన్నం తిను" అన్నాడు. పెదనాన్న చేయి చాపి స్విచ్ కట్టేశాడు. ఒక్కసారిగా పుట్టిన ఆ నిశ్శబ్దంలో, వాడు నాదస్వరం లాక్కుని పెదనాన్న మూతి మీద కొట్టిన చప్పుడు పందిరంతా వినబడింది. ఆయన మోకాళ్ల మీద కూలిపోయాడు. రక్తం తెల్లచొక్కా మీదికి ధారగా కారింది. దోసిట్లోకి ఉమ్మితే పళ్లు రాలాయి. చిన్నాన్న డోలు కర్రతో పరిగెత్తి వాడి తల పగలగొట్టాడు. వాడు పడిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. కుర్చీలు గాల్లోకి లేచాయి, ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. చివరికి పెదనాన్నే పాకుతూ వెళ్లి చిన్నాన్న కాళ్లు పట్టుకున్నాడు. "సాలు రా, సచ్చిపోతాడు" అన్నాడు పగిలిన నోటితో.

పీటల మీది నుంచి పెళ్లికూతురు లేచి నిలబడింది. "మేళం లేనిది నేను తల వంచను. ఆ బండి ఈడ ఉండగూడదు" అంది. పెళ్లికొడుకు, తన తండ్రి వైపు చూడకుండా, తనే వెళ్లి బండిని పంపించేశాడు. చిన్నాన్న ఒక్కడే ఏడుస్తూ డోలు వాయించాడు. తాళి పడింది. అప్పటికే ఆ తాగినవాడినీ పెదనాన్ననూ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. తరువాత కేసు అయింది. వాడూ బతికాడు.

కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక కూడా పెదనాన్న నాదస్వరాన్ని అటక మీది నుంచి దించలేదు. దించింది పెదమ్మ. వీధిలో ఇంటింటికీ వెళ్లి, "ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద వాయిస్తాడు. వచ్చి కూసోండమ్మా, ఉత్తినే కూసుంటే సాలు" అని పిలిచొచ్చింది. ఆ సంగతి చాపలు పరిచేదాకా ఆయనకు చెప్పలేదు. వచ్చినవాళ్ల ముందు కాదనలేక ఊదాడు. గాలి తప్ప స్వరం రాలేదు. చిగురు చిట్లి ఎర్రటి చార గడ్డం మీదికి జారింది. తుడుచుకుని మళ్లీ ఊదాడు. నాదస్వరం కొసన పీక తడబడి కీచుమంది. ఎవరూ లేవలేదు, ఫోన్ చూసుకోలేదు. చాలాసేపటికి, బొంగురుగా, ఒక స్వరం నిలబడింది. పెదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆదివారాలు అలవాటయ్యాయి. విన్నవాళ్లే చెవులు కుట్టే వేడుకకనీ, గృహప్రవేశానికనీ పిలవసాగారు. ఆ పుంగనూరు అమ్మాయి మొగుడితో వచ్చి సీమంతానికి మేళం మాట్లాడుకుని పోయింది.

పెదనాన్న పాత నాదం మళ్లీ రాలేదు, ఇప్పుడు ఆయనా లేడు. ఊదేవాడి ఊపిరి, వినేవాడి తీరిక ఒకే ఘడియలో కలవాలి. కలిసినంతసేపే అది సంగీతం, దాటిపోయాక అది ఉత్త కాలం.