మునినారాయణప్ప తుడిచేసిన సాక్ష్యం

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో, లేతు మిషన్ల మోతకు గోడలు సైతం సన్నగా వణికే ఒక సందులో మునినారాయణప్ప షెడ్డు ఉంది. గుమ్మం దగ్గర నేల మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి ఉంటుంది. బండి ఆ గీత దాటి లోపలికి వెళ్ళవచ్చు. బండి తెచ్చినవాళ్ళు దాటడానికి వీల్లేదు. ఎంతటివారైనా బయట స్టూలు మీద కూర్చోవలసిందే.

"మనిషి నూరు మాటలు చెప్తాడప్పా. పొగ చెప్పేది ఒకటే మాట. నేను దాన్నే ఇంటాను," అనేవాడు ఆయన. తాతల నాడే కోలారు దిక్కు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. యౌవనమంతా ఫ్యాక్టరీలో కొలతలు చూసే గేజి పట్టుకుని ఇనుప ముక్కల్లో తప్పులు వెతికాడు. ఇప్పుడు కార్లలో వెతుకుతున్నాడు. వయసు పెరిగినకొద్దీ కోపం పెరిగింది, తన మీద తనకున్న నమ్మకం అంతకన్నా పెరిగింది.

కంటికి కనిపించని లీకులు పట్టడంలో ఆయనకు పేరుంది. పెట్రోలు తొట్టిలో ఊరికే ఉండదు, ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా ఒక పైపు దాన్ని బొగ్గు నింపిన డబ్బాలోకి చేరుస్తుంది. బొగ్గు పీల్చుకున్నదాన్ని ఇంజను తిరిగేటప్పుడు లాక్కుని కాల్చేస్తుంది. ఈ దారిలో వెంట్రుకంత సందు పడ్డా చాలు, కారు నిండా పెట్రోలు వాసన. మునినారాయణప్ప ఆ దారిలోకి మిషనుతో తెల్లటి పొగ ఎక్కిస్తాడు. పొగ ఎక్కడ తొంగిచూస్తే అక్కడ వేలు పెడతాడు. అయితే పొగ ఎక్కించే ముందు పెట్రోలు మూత విప్పి, దాని రబ్బరునూ, అది కూర్చునే అంచునూ కాటన్ వేస్టు నూలుపీచుతో శుభ్రంగా తుడిచి, టిక్కుమనేదాకా బిగించడం ఆయనకు ఆచారం. మురికి అడ్డుపడి పొగ తప్పు చెప్పరాదని.

అంబిక విమానాశ్రయం స్టాండులో క్యాబు నడుపుతుంది. భర్త పోయాక అప్పటిదాకా ఆయన నడిపిన బండినే తాను నడపడం నేర్చుకుంది. తల్లి గౌరమ్మ ఆమెతోనే ఉంటుంది. మొదటిసారి వాసన వచ్చినప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ షెడ్డుకు వచ్చారు. పొగ ఎక్కించగానే మూత కింద, గొంతు దగ్గరి రబ్బరు పైపు చీలిన చోట తెల్లగా బయటికి వచ్చింది. పైపు మార్చి, మునినారాయణప్ప గీత దాకా వచ్చి చీలిన ముక్కను చూపించాడు.

"చూడు గౌరక్కా, ఈ బండికి రోగమంతా ఈ నోటికాడే ఉండాది."

గౌరమ్మ భయభక్తులతో చేతులు జోడించింది.

నెల తిరగకముందే వాసన మళ్ళీ వచ్చింది. ఒక ప్రయాణికురాలు ఫిర్యాదు చేసింది. ఆయన అంచు తుడిచాడు, పొగ ఎక్కించాడు; ఎక్కడా రాలేదు. అయినా మూత కొత్తది వేశాడు. వాసన పోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది, రెండో ఫిర్యాదుతో సహా. ఆయన మళ్ళీ తుడిచాడు, పొగ మళ్ళీ మౌనం వహించింది. ఈసారి బొగ్గు డబ్బా మీది వాల్వు మార్చాడు.

కొన్ని వారాలకు మళ్ళీ వాసన, మూడో ఫిర్యాదు. ఈసారి క్యాబు సంస్థ నుంచి అంబిక ఫోనుకు రెండు వాక్యాల సందేశం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం విమానాశ్రయం దగ్గరి దేవనహళ్ళి యార్డుకు బండి తేవాలి. పెట్రోలు వాసన ఉంటే ఆమె పేరు శాశ్వతంగా తొలగిస్తారు. ఎందుకు వచ్చింది, ఏం బాగుచేయించావు అనే ప్రశ్న ఆ సందేశంలో లేదు. ఎదుటివారి వాదన వినకుండా శిక్ష వేసే హక్కు ఈ దేశంలో న్యాయస్థానానికి లేదు. ఫోనులోని ఒక యాప్‌కు ఉంది.

మంగళవారం బండి మళ్ళీ షెడ్డు ముందు ఆగింది.

"ఏమన్నా, నీ పొగకు మా బండిని చూస్తే సిగ్గా? నీ ముందర మాత్రం బయటికే రాదు!" అంది అంబిక. నవ్వుతూనే ఫోనులోని ఆ సందేశం చూపించింది.

మునినారాయణప్పకు చుర్రుమంది. "నువ్వు మూత సరిగ్గా బిగించవు. ఇప్పుడు చూస్తిని, వదులుగా ఉండాది."

"దేవుని మీద ఒట్టు, టిక్కుమనేదాకా తిప్పుతా. బంకువాళ్ళను కూడా ముట్టనీను."

"అట్లయితే ఎవడో తీస్తా ఉండాడు. పెట్రోలు దొంగ!" ఆయన కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకు లెక్క కుదిరినట్టనిపించింది. "దొంగనాకొడుకు తీసేది తీసి, మూత బిగించకుండా సుమ్నే అట్ల పెట్టి పోతా ఉండాడు. రేపు పొద్దున్నే మీ ఇంటి ముందర కూచుంటా. నువ్వు బండెక్కే దాకా ఆ మూత మీద ఈగ వాలినా పట్టుకుంటా."

బుధవారం అమావాస్య. షెడ్డు ముందు గుమ్మడికాయ కొట్టి, పొగ మిషనుకు బొట్టు పెట్టి, ఆయన అంబిక ఇంటి ఎదుటి బేకరీలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళు డబ్బాలు ఊపుకుంటూ పోతున్నారు. అంబిక గుమ్మంలోంచి చేయి ఊపి, స్నానానికి లోపలికి వెళ్ళింది. బండి చుట్టూ ఎవరూ లేరు.

అప్పుడు గౌరమ్మ పూజ తట్టతో బయటికి వచ్చింది. అమావాస్యకు బండిపూజ చేయని ఇల్లు ఆ వీధిలో లేదు. ఆమె చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బానెట్టుకు, స్టీరింగుకు బొట్టు పెట్టింది. మునినారాయణప్ప దూరం నుంచే కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఆమె సీటు పక్కకు వంగి ఏదో మీట లాగింది. బండి వెనకభాగంలో చిన్న తలుపు తెరుచుకుంది.

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఏం చేస్తోంది ఈ గౌరక్క?

గౌరమ్మ రెండు చేతులతో పెట్రోలు మూత తిప్పి తీసి, దేవుడి విగ్రహాన్ని పెట్టినంత జాగ్రత్తగా తట్టలో పెట్టింది. నూనెలో తడిపిన పసుపుతో ఆ నోటి అంచు చుట్టూ వేలు తిప్పింది. దాని మీద కుంకుమ అద్దింది. దాని మీద అక్షతలు అంటించింది. ఆ తర్వాత అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించింది.

తొట్టి సగం ఖాళీగా ఉందని మునినారాయణప్పకు తెలుసు. నిండు తొట్టి కన్నా సగం తొట్టిలో ఆవిరి ఎక్కువ. పొద్దుటి ఎండలో ఆ తెరిచిన నోటి మీద గాలి సన్నగా అలలాడడం కూర్చున్న చోటి నుంచే కనిపిస్తోంది. మండుతున్న కర్పూరంతో తట్ట ఆ అలల వైపు కదిలింది.

అరిచే వ్యవధి లేదు. గ్లాసు ఎక్కడ పడిందో, రోడ్డు ఎలా దాటాడో ఆయనకు తెలియదు. వచ్చిన ఊపుకు తట్ట మీద ఒక్క దెబ్బ కొట్టాడు. తట్ట ఖంగుమని గోడకు తగిలింది. కర్పూరం దొర్లి మురికికాలవలో పడి చుయ్యిమంది. గౌరమ్మ వెనక్కి తూలి కూలబడింది. ఆయన అరచేయి తెచ్చి ఆ నోటి మీద గట్టిగా అదిమిపెట్టాడు.

వీధి వీధంతా ఆయన మీద విరుచుకుపడింది.

"ముసలామె మీద చెయ్యి చేసుకున్న్యాడు!"

"పూజ తట్ట తన్నినాడు, అమావాస్య పూట!"

తడిజుట్టుతో అంబిక పరుగెత్తుకొచ్చింది. "దొంగను పడతానని వచ్చి మా అమ్మను కొడతావా నువ్వు? ఏం మనిషివన్నా!"

"నిప్పు..." అన్నాడు మునినారాయణప్ప. చేయి తీయలేదు. "మూత తీసి కర్పూరం... ఇంకో జానెడు దగ్గరికి పోయింటే, ఈ మాట అడిగేదానికి నువ్వుండవు తల్లీ. ఇనేదానికి నేనుండను."

గుంపులో ముందు నిల్చున్నవాళ్ళు తమకు తెలియకుండానే వెనక్కి జరిగారు.

గౌరమ్మ నేల మీదనే కూర్చుని, బిత్తరపోయి చూసింది. "నువ్వే కదప్పా చెప్పింటివి, రోగమంతా నోటికాడే ఉండాదని. రోగం ఉండేకాడ కదా దేవుని బొట్టు పెట్టేది?"

"ఎప్పటి నుంచి పెడతా ఉండావక్కా?"

"నువ్వు చెప్పినప్పటి నుంచి. ప్రతి అమావాస్యకూ."

"కర్పూరం కూడానా?"

"కర్పూరం చూపియ్యకుండా పూజ యాడైనా ఉండాదా?"

అంబిక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ప్రతి అమావాస్యకూ. తాను పక్క గదిలో స్నానం చేస్తుండగా.

మూత బిగించాక మునినారాయణప్ప అరచేయి తిప్పి చూసుకున్నాడు. నడుమ గుండ్రంగా పసుపు ముద్ర, దానికి అతుక్కుని అక్షత గింజ ఒకటి. ఆ రంగు ఆయనకు కొత్త కాదు. పైపు మార్చాక బండి షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ ఆ రంగు కాటన్ వేస్టుకు అంటింది. పీణ్య దుమ్మనుకుని మూలకు విసిరేశాడు. ఎండిన పసుపు, దానిలో ఇరుక్కున్న గింజ, అవి రబ్బరును ఆనుకోనీయక విడిచిన సందు: పొగ చెప్పవలసిన నిజమంతా అంచు మీదే ఉండగా, పొగను అడగడానికి ముందే దాన్ని శుభ్రంగా తుడిచేశాడు. సాక్ష్యాన్ని తన చేతులతో చెరిపేసి, సాక్ష్యం లేదని తీర్పు చెప్పాడు. తీర్పు మీద తీర్పుగా మూత మార్చాడు, వాల్వు మార్చాడు. ఒక్కసారైనా గీత అవతల కూర్చున్న మనిషిని, ఈ మూతను మీ ఇంట్లో ఎవరైనా ముడతారా అని అడగలేదు.

ఆయన బండిలో ఇద్దరినీ ఎక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళాడు. తల్లీకూతుళ్ళు అలవాటుగా గీత దగ్గర ఆగారు.

"రాండి లోపలికి," అన్నాడు. "నేనొకణ్ణి చూస్తే చాల్లేదు."

అరచేతికి అంటింది పోగా మిగిలిన పసుపును ఆయన ముట్టలేదు. అలాగే పొగ ఎక్కించాడు. మూత అంచున, ఒక గింజ పక్కనుంచి, దారంలాంటి తెల్లటి పొగ లేచింది. గౌరమ్మ కెవ్వుమంది.

"నేను పెట్టిన గింజేనా అది? నా బిడ్డ కూడు నేనే తీస్తా ఉంటినా!"

"నువ్వు పెడితివి, నేను తుడిస్తిని. ఇద్దరమూ కలిసే చేసినాము, ఏడవాకక్కా."

అప్పుడు తుడిచాడు. రబ్బరు కొత్తది వేశాడు. మళ్ళీ ఎక్కించిన పొగ లోపలే నిలిచింది. టార్చి వెలుగులో ముగ్గురూ ఎంతసేపు చూసినా బయటికి రాలేదు.

"అయితే ఇంక బొట్టు యాడ పెట్టాలప్పా?" గౌరమ్మ బెదురుతూనే అడిగింది.

"స్టీరింగుకు పెట్టు. బానెట్టుకు పెట్టు. కావాలంటే నా నెత్తిన పెట్టు. ఆ మూత జోలికి మాత్రం పోవాకు!"

గౌరమ్మను ఇంటి దగ్గర దింపి, దారి పొడవునా కిటికీలు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తూ వాళ్ళిద్దరూ దేవనహళ్ళి యార్డుకు చేరారు. మెడలో కార్డు వేసుకున్న పరీక్షకుడు వెనక తలుపు తెరిచి, తల లోపలికి పెట్టి వాసన చూశాడు. డిక్కీ దగ్గర చూశాడు. పెట్రోలు మూత దగ్గర వంగాడు.

"స్మెల్ లేదు మేడమ్. క్లియర్," అని ఫోనులో ఏదో నొక్కాడు.

"సార్, అసలు ఏమైందంటే, మా అమ్మ..."

"అదంతా అక్కర్లేదు మేడమ్. నెక్స్ట్!"

మునినారాయణప్ప నిర్ఘాంతపోయాడు. "అంతేనా? వాసనొచ్చింటే కూడా ఇట్లనే 'నెక్స్ట్' అనింటాడా? ఏమీ అడగడా?"

"నీ షెడ్డులో మాత్రం ఎవరు అడిగినారన్నా?" అంది అంబిక. దెప్పిపొడుపులో కోపం లేదు. ఇంతలో ఫోను మోగింది. ఆమె పేరు మీద అప్పుడే ఒక బేరం వచ్చింది. "ప్యాసింజరు టెర్మినల్‌లో ఉండారు. నేను పోవాల. నువ్వు బస్సెక్కి పోతావు కదా?"

"పో తల్లీ, పో. బేగ పో."

బండి యార్డు దాటి వెళ్ళింది. అది వదిలిన గాలిని ఆయన పట్టిపట్టి పీల్చి చూశాడు. దుమ్ము తప్ప ఏ వాసనా లేదు. గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు.

గేటు కాపలాదారు ఆయన దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, బండి పాసు కాలేదా?"

"అయ్యింది."

"మరి ఎందుకట్ల వణుకుతా ఉండావు?"

మునినారాయణప్ప చెప్పబోయాడు. పసుపు మరక ఇంకా పోని అరచేయి కనబడి, జానెడు దూరంలో ఆగిన కర్పూరం మంట గుర్తొచ్చింది.

"నీళ్ళుంటే రోంత ఇప్పించప్పా," అన్నాడు.