అందరి బాధ్యత, ఒక్క సంతకం

ఆ రోజుల్లో ‘బాధ్యత’ అనే మాటంటే నాకు మహా గౌరవం. మరీ పాతకాలం కాదు లెండి. అప్పటికే విమానాలు మా ఇంటి మీదుగా తిరుగుతున్నాయి, మా పొలాల చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతేశారు, మా బాపు మాత్రం మిగిలిన చిన్న పొలం చెక్కలో పట్టుబట్టి టమాటా పెడుతున్నాడు. డిగ్రీ అయిన వెంటనే శంషాబాద్ నుంచి మహేశ్వరం వైపు పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాకు కొలువు దొరికింది. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అసిస్టెంట్. (సెక్షన్ అంటే మెట్ల కింద ఒక బల్ల, దాని వెనుక నేను. ఎదురుగా గోడకు పిల్లలు హాజరు వేసే వేలిముద్రల మిషన్.) “కుర్సీల కూసునే కొలువు బిడ్డా, ఇగ నీకేం పరేషాన్?” అన్నాడు బాపు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిదని ఆయనకు చెప్పలేదు.

మా ప్రిన్సిపాల్‌ను చాటుగా అందరం ‘సమష్టి సార్’ అనేవాళ్లం. కోస్తా మనిషి, మాట తీయగా, నిదానంగా ఉండేది. పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు సవాలక్ష నిబంధనలు. పిల్ల రోజూ వస్తోందా, పరీక్ష రాసిందా, హాస్టల్లో నిజంగా ఉంటోందా అని కాలేజీ చూసుకోవాలి. ఏది తేడా వచ్చినా కాలేజీ మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన ప్రతి మీటింగులోనూ ఒకటే పాట. “ఇది ఏ ఒక్కరి పనీ కాదండీ, మనందరి సమష్టి బాధ్యత!” ఆ ముక్కతో ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టించారు కూడా. అందులో ఆయన ఫొటో నిలువెత్తున ఉండేది, బాధ్యత సంగతి ఆయన బూట్ల దగ్గర చిన్న అక్షరాల్లో ఉండేది. నేనైతే మురిసిపోయాను. ఇంతమంది పెద్దవాళ్లు నాతోపాటు భారం మోస్తారని నిజంగా నమ్మాను.

అప్పుడు వచ్చింది జల్‌పల్లి పిల్ల. రెండో సంవత్సరం చదువుతోంది. రోజూ పొద్దున్నే నా బల్ల ముందు నిలబడి, వేలు చున్నీకి తుడిచి మిషన్‌మీద పెట్టేది. మిషన్ కీచుమనేది. మళ్లీ తుడిచేది, మళ్లీ కీచు.

“అక్కా, నేను రోజూ వస్తున్న. మిషనే నన్ను గుర్తువడ్తలేదు.”

“ఏంది, వేలికేమయింది?”

“ఇంట్ల అందరం ఎల్లిగడ్డ పొట్టు తీస్తమక్కా, ఫంక్షన్ హాళ్ల వంటోళ్లకు. తీసి తీసి ఏళ్ల మీది గీతలు అరిగిపోయినయి.” వెల్లుల్లి వాసన నా బల్లదాకా వచ్చింది.

లెక్చరర్ల హాజరు పట్టీలో ఆ పిల్ల రోజూ ఉంది. మిషన్‌లో మాత్రం ఏడాదంతా లేదు. మిషన్ మాటే చెల్లితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే వాళ్ల బాపు చదువు బంద్ చేయిస్తాడు, వెనుక ఇద్దరు చెల్లెళ్లున్నారు. కాలేజీ తరఫున ఎవరో ఒకరు ‘ఈ పిల్ల నిజంగానే వస్తోంది’ అని సంతకం పెడితే చాలు.

ఆ పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరాను. వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్డు, “హాజరు మాదే, కానీ మిషన్ ఆఫీసోళ్లది” అన్నాడు. అకౌంట్స్ సార్, “మిషన్ బిల్లు కట్టుడు నా పని. పిల్ల ఏలు నా పని కాదమ్మా” అన్నాడు. సమష్టి సార్ ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, “తప్పకుండా చూద్దామమ్మా, అందరం కలిసి చూద్దాం” అన్నారు. అన్నట్టే అందరూ కలిసి చూశారు. చూసి, ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ నెలలోనే జిల్లా సంక్షేమ శాఖ నుంచి తనిఖీకి ఒక మేడం వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో శాలువా, సమోసాలు, జీడిపప్పు. పెద్దలంతా గోడవారన కొలువు తీరారు. నేను చాయ్ వెనకాలే ఆ పిల్లను కూడా లోపలికి తోసుకుపోయాను. (అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.) మేడం సంగతంతా విని, “గీ పిల్ల క్లాసులకు వస్తదా?” అని అడిగింది. “రోజూ వస్తుందండీ!” అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. అంటే అందరికీ తెలుసన్నమాట!

“మరి దీనికి బాధ్యులెవరు?”

సమష్టి సార్ ఛాతీ పొంగింది. “మేమందరమూ మేడం. సమష్టి బాధ్యత.”

“మంచిగున్నది. అయితే అందరు సంతకాలు పెట్టుండ్రి. రేపు తప్పని తేలితే, పెట్టినోళ్లే జవాబు చెప్పాలె.”

హెడ్డుకు క్లాసు గుర్తొచ్చింది (ఆ ఏడాది ఆయన గారు పాఠం చెప్పగా చూసినవాళ్లు లేరు). అకౌంట్స్ సార్ మోగని ఫోన్ చెవికి పెట్టుకుని “హలో, హలో” అంటూ బయటికి నడిచాడు. అంతలో పైన విమానం పోయింది. ఆ మోత తగ్గేదాకా సమష్టి సార్ కళ్లు మూసుకుని ఉండి, “బీపీ మాత్ర వేళయిందండీ” అని లోపలి గదిలోకి మాయమయ్యారు. మిగిలింది మేడం, పిల్ల, నేను, సమోసాలు.

“నువ్వెవరమ్మా?”

“స్కాలర్‌షిప్ సెక్షన్ మేడం.”

“సెక్షన్ల ఇంకెవరున్నరు?”

“నేనే మేడం.”

“పిల్ల వస్తదని నీకెరుకనా?”

“ఎరుకే మేడం. రోజూ నా ముంగటనే నిలబడి మిషన్‌తోని కొట్లాడ్తది.”

మేడం నవ్వి పెన్ను నా ముందుకు జరిపింది. పెట్టాను. అక్షరాలు తాగినవాడి నడకలా వంకరపోయాయి. బయటికొచ్చాక ఆ పిల్ల, “అక్కా, నీకేమన్న అయితదా?” అని గుబులుగా అడిగింది. “ఏం గాదు తియ్” అన్నాను దర్జాగా. ఆ తర్వాత చాలా రోజులు గేట్లోకి జీపు వస్తే చాలు, పోలీసులే అనుకుని బాత్‌రూంలో దూరి గడియ పెట్టుకునేదాన్ని.

ఏ పోలీసులూ రాలేదు. స్కాలర్‌షిప్ మాత్రం వచ్చింది. తర్వాతి మీటింగులో సమష్టి సార్ దాన్ని మనందరి కృషి ఫలితమని ప్రకటించారు. హెడ్డూ, అకౌంట్స్ సారూ వినయంగా తలలు వంచి చప్పట్లు అందుకున్నారు. తమాషా ఏమిటంటే, నేనూ కొట్టాను.

ఇప్పుడు ఇంకో కాలేజీలో నాకు గది ఉంది, తలుపుమీద పేరుంది. పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా సంతకాలే. అన్నీ గుండ్రంగా, అచ్చుగుద్దినట్టు పడతాయి. ఒక్కోసారి మధ్యలో పెన్ను ఆపి, బాత్‌రూంలో గడియ పెట్టుకుని ఊపిరి బిగబట్టిన ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటాను. నవ్వొస్తుంది. దాన్ని ఒక్కసారి పిలిచి చాయ్ పోయాలనిపిస్తుంది.