దుబాయి రకం, నల్లదారం గ్లాసు

ఆ, రాస్తున్నవా? ముందుగాల గా ఫ్యాను జర తక్వ చెయ్యి బిడ్డా, నా మాట నాకే ఇనస్తలేదు.

మొన్న నువ్వు ఫోన్ల చూపెట్టినవ్ గదా. ఎవలో ఇండ్లల్లనే బీరు కాస్తరు, దాన్ని పోటీకి పెడ్తరు, దాంట్ల మల్ల రకాలు, రకానికో మార్కుల కాయితం. నేను నవ్విన. "నీకేమెరుక బాపమ్మా" అన్నవ్. నాకెరుకే. గా తీర్పు చెప్పే కుర్సీల నేను ఒక్కనాడు కూసున్న. ఏం చెప్పిన్నో, అది న్యాయమో కాదో, ఇయ్యాల్టి దాకా నాకు సమజ్ గాలే. గందుకే రాయుమంటున్న. రాస్తెనన్న తెలుస్తదేమో.

మీ బాపు అప్పుడు అయిదో తరగతి. చొప్పదండి అవుతల మన ఊర్లె ఇంటికొకలు దుబాయో, సౌదో పోతుండ్రి. ఆ యేడు గీసేటోళ్లకు, కల్లు దుకాణం పట్టినాయనకు లడాయి అయ్యి చెట్లెక్కుడు బందు పెట్టిండ్రు. ఊర్లె సుక్క కల్లు లేదు. అందరికీ నాలుక పీకుతుంది. ఆడోళ్లకు లేదా అంటవా? మాకు సుత పీకింది. పొద్దంత నాటేసి వస్తిమి, మాపటికి ముంత కల్లు తాగుతిమి, అండ్ల సిగ్గేంది?

నా సంగతేందంటే, నాకు నాలుక బాగ పనిచేసేది. కల్లు నోట్లె పోసుకోంగనే ఒర్రె కాడి ఈతచెట్టుదా, బాయికాడి చెట్టుదా చెప్పేదాన్ని. గీసేటాయనే తల ఊపేటోడు. మా అత్త "దీని నాలుక పాడుగాను, వంటల ఒక్క ఉప్పురాయి తక్వైనా పట్టుకుంటది" అని తిట్టేది.

కల్లు లేని ఆ దినాలల్లనే ఊరికొచ్చి ఉన్న దుబాయోళ్లు మన బాయికాడ కూసోని గొప్పలు చెప్పుడు మొదలువెట్టిండ్రు. ఆడ రూములల్ల దొంగతనంగ బీరు కాసుకునేదట. నాది మంచిగుండేది అని ఒకడు, నాది తాగితే అరబ్బోడే మెచ్చుకుండు అని ఇంకొకడు. అందరి కన్న ఎక్కువ ఒర్రేది మా మరదలి అన్న. మరదలంటే నా తమ్ముని పెండ్లాం. మన ఊరి పిల్లనే, మన ఇంటికి మూడిండ్ల అవుతల. నేనే మధ్యల ఉండి నా తమ్మునికి చేసిన. ఆ అన్న దుబాయిల ఏదో క్యాంపుల వంట చేసేది. నన్ను వదినె అని పిలుస్తడు, నోరు తెరిస్తే ఎక్కిరింపే.

"మా క్యాంపుల తెల్లోళ్లు పోటీ పెట్టేది వదినె" అన్నడు. "మనం సుత పెడదాం. నువ్వే జడ్జివి. ఊర్లె నీ అసొంటి నాలుక లేదు, అన్ని తీర్ల!"

"నా తమ్ముడు సుత ఉన్నడు గదా పోటీల. నేనెట్ల చెప్తనయ్యా?"

"ఎవరిది ఏదో నీకు తెల్వనియ్యం. గ్లాసులకు రంగు దారాలు కడ్తం."

ఇగ ఇక్కడ నా తమ్ముని సంగతి చెప్పాలె, లేకపోతే ముంగట నీకు అర్థం గాదు. వాడు లగ్గమైన ఆర్నెల్లకే దుబాయని పోయిండు. ఎనిమిది నెలలు ఖత్ లేదు, కబురు లేదు. ఆ పిల్లను అన్నలు తీస్కపోయిండ్రు. తర్వాత ఖత్‌లు వచ్చినయ్ గని, అన్నీ ఎవరో ఒకరు చేతిల వట్టుకొచ్చినయే, దుబాయి స్టాంపు బిళ్ల అంటించింది ఒక్కటి లేదు. రెండేండ్లకు వచ్చిండు. టేప్‌రికార్డరు తెచ్చిండు, మెత్తటి చద్దరు తెచ్చిండు. అన్నలు చూసిండ్రు, ఒగలి మొకం ఒగలు చూసుకున్నరు, చెల్లెను తోలిచ్చిండ్రు. తోలిచ్చేటప్పుడు గా వంటాయన మా ఇంట్ల నిలవడి అన్నడు: "వదినె, నువ్వు మధ్యల ఉన్నవని పంపుతున్నం. మీ తమ్ముడు పోయిన్నని చెప్పిన జాగకు పోలేదని ఎన్నడన్న తెలిసిందనుకో, మల్ల మా చెల్లె మీ గడప తొక్కది." నేను "నా తమ్ముడు అబద్ధమాడడు" అన్న. ఛాతి మీద చెయ్యి పెట్టి అన్న. గిది అయి మూడు నెలలే అయితుంది పోటీ నాటికి.

పోటీ అనంగనే నా తమ్ముడు నీళ్లు నమిలిండు. "నాకు జరం వచ్చినట్టున్నది" అన్నడు. వంటాయన ఊకుంటడా? "ఏం బావా, దుబాయిల రెండేండ్లు ఉండి బీరు కాసుడు రాదా? ఆడ ఏం చేసినవ్ మరి, నమాజా?" అందరు నవ్విండ్రు. ఇగ తప్పలే వానికి.

రకాలు రెండు పెట్టిండ్రు. దుబాయి రకం, సౌది రకం. సౌది రకమంటే ఎండు ద్రాక్షలు నానేసి, చక్కెర పోసి పులియపెట్టుడు. ఇద్దరన్నదమ్ములు కాసిండ్రు. దుబాయి రకం కాసింది ముగ్గురు: వంటాయన, నా తమ్ముడు, ఒక టైలరు. దానికి బార్లీ మొలకలు కావాలె. జరమొచ్చినోళ్లకు జావ కాసే బార్లీ దుకాండ్ల తెచ్చి తడి బట్టల కడితే నాలుగు దినాలైనా మొలకెత్తలే, వాసనొచ్చింది. పొట్టు తీసిన గింజ మొలకేస్తదా? ఇగ పచ్చజొన్నలు మొలకేసి, ఎండబెట్టి, ఎర్రగ వేయించి, దంచి కాసిండ్రు. చేదుకు నేలవేము. పొంగేటందుకు కరీంనగర్ల రొట్టెల భట్టి నుంచి ఈస్టు తెచ్చిండ్రు. ఎవలింట్ల వాళ్లే కాసిండ్రు, చాటుకు. టైలరు సీసాలు అటక మీద పెడితే రెండు పగిలినయ్. ఆయన తల్లి దొంగలువడ్డరని రోకలి వట్టుకొని ఎక్కిందట.

నాకు పరేషాన్ ఏడ మొదలైందంటే, వంటాయన రూల్సు చెప్పంగనే. దుబాయి రకం డికాషన్ రంగుల ఉండాలె, నురుగు వేలు మందం నిలవాలె, మింగినంక నాలుక వెనుక చేదు దొరకాలె. ఇలాచి, లవంగం, సోంపు, ఏ సుగంధం పడొద్దు. పడితే రకం తప్పినట్టు. రకం తప్పితే సున్నా.

"మస్తు మంచిగుంటే సుత సున్నానేనా?" అన్న.

"సున్నానే."

"గదేం న్యాయమయ్యా? మంచిగున్నదాన్ని మంచిగున్నదనాలె గని!"

"వదినె, నువ్వు పప్పు అని పేరు చెప్పి నాకు పులుసు పోసినవనుకో. పులుసు అమృతం లెక్కనే ఉన్నది. నేను పప్పుకు ఎన్ని మార్కులియ్యాలె?"

ఆయన అన్నది నిజమే అనిపిస్తది, మల్ల కాదనిపిస్తది.

"ఇంకోటి. సున్నా ఏస్తే ఎందుకేసినవో అందరికి ఇనవడేటట్టు చెప్పాలె. తెల్లోళ్లు గట్లనే చెప్తరు."

ఐతారం నాడు, పగటీలి బువ్వలు తినక ముందు, బాయికాడ మోటరు కొట్టం నీడల మంచమేసిండ్రు. నాకు కుర్సీ. గెలిచినోళ్లకు మూడు సెల్లుల బ్యాటరీ లైటు ఇనామని వంటాయన తెచ్చి మంచం మీద పెట్టిండు. సీసాలు కొట్టంల పెట్టి, గ్లాసులల్ల పోసి, దారాలు కట్టే పని నా మరదలికి చెప్పిండ్రు. ఎవరిది ఏదో ఆ పిల్లకొక్కదానికే ఎరుక. స్టీలు గ్లాసులు తెచ్చి పెట్టింది. సౌదివి తెల్లదారం, నీలందారం. దుబాయివి ఎర్రదారం, పచ్చదారం, నల్లదారం.

నల్లదారం చూడంగనే అది ఎవరిదో నాకు ఎరుకైంది. నల్లదారం దేనికి కడ్తరు బిడ్డా? దిష్టి తగలొద్దని కడ్తరు. తన మొగని గ్లాసుకు గాక ఏ ఆడిది పరాయోని గ్లాసుకు కడ్తది? దాని మొకం చూసిన. అది నంజుకునే గుడాల గిన్నె వట్టుకొని కింద చూస్తుంది.

సౌదివి తాగిన. ఒకటి చక్కెరపాకం, ఒకటి జర నయం. నీలందారానికి ఇచ్చిన. అండ్ల ఫికరేం లేదు.

ఎర్రదారం తాగిన. చేదు మంచిగున్నది, నురుగు నిలవడ్డది. అది వంటాయనదని ఆయన మీసం తిప్పుకునే తీరు చూస్తేనే తెలుస్తది. పచ్చదారం నోట్లె పోసుకొని ఉమ్మేసిన. మాడిన జొన్న. టైలరు "సీసాలు పగిలి మంచిది పోయింది వదినె, చెడ్డది మిగిలింది" అన్నడు. అందరు నవ్వుతుండ్రు.

నల్లదారం ఎత్తిన. మొదాలు జొన్న వాసన. తర్వాత చేదు. ఆ తర్వాత, ఏం చెప్పాలె నీకు, మింగినంక ముక్కులకెల్లి ఏదో పైకొచ్చింది. నేను కండ్లు మూసుకున్న. సోంపు. సోంపెంట నారింజ తొక్క.

నీకు చెప్పిన్నా? కరువు పడ్డ యేడు మీ తాతా నేను బొంబాయి పక్క భీవండి పోయినం. మీ తాత మగ్గాల మీద పని, రెండేండ్లు గా గల్లీలనే ఒక్క అర్రల ఉన్నం. మా పక్కకు ఒక మరాఠీ అవ్వ ఉండేది. బెల్లం నీళ్లు పులియపెట్టి, అండ్ల వేయించిన సోంపు, ఎండిన నారింజ తొక్క బట్టల మూటగట్టి ఏసేది. మగ్గాల కాడికెల్లి వచ్చినోళ్లందరు ఆమె కాడనే తాగేది. నాకు సుత పోసింది ఎన్నోసార్లు. ఆ వాసన నేనెట్ల మరుస్త?

గప్పుడు ఒక్కసారే అన్ని మతిలకొచ్చినయ్. చేతిల వచ్చిన ఖత్‌లు. దుబాయి ఎండ ఎట్లుంటదని అడిగితే "ఎండ లెక్కనే ఉంటది" అని వాడు అన్న మాట. వాని కుడి చేతి వేళ్ల మీద నూలు కోసిన గీతలు, మీ తాతకు ఉన్నసొంటివే. దుబాయి తోలిస్తనన్న ఏజెంటు వీన్ని బొంబాయిల దింపి మాయమై ఉంటడు. మొకం చెల్లక వీడు భీవండి మగ్గాలల్ల చేరి ఉంటడు. గట్ల ఎంతమందికి కాలే?

ఇగ చూడు నా హాల్. సున్నా ఏస్తే ఎందుకో చెప్పాలె. సోంపు, నారింజ తొక్క అని నోరు తెరిస్తే చాలు, భీవండి పోయొచ్చినోళ్లు ఆడ నలుగురు కూసున్నరు, నిమిషంల పట్టుకుంటరు. పట్టుకుంటే ఆ పిల్ల గుడాల గిన్నె ఆడనే పెట్టి అన్న ఎంట పోవాలె. ఏయకపోతే నేను జడ్జి కుర్సీల కూసోని అబద్ధమాడినట్టు. పోనీ అది చెడ్డగున్నదా అంటే, అయిదు గ్లాసులల్ల అదే మంచిగున్నది! వట్టిగ సోంపు ఎవలైనా ఏయొచ్చు గదా, నాకే అనుమానమా? అని మల్లొక్క గుటికె తాగిన. తొక్క వాసన. ఇంకో గుటికె. గ్లాసు అడుగంటింది.

"ఏం వదినె, జడ్జీ అంటే రుచి చూసుడు, కడుపు నింపుకునుడు గాదు" అన్నడు వంటాయన. "రకం చెప్పు."

నా తమ్ముడు గట్టు మీద కూసోని పుల్లతోని మన్ను గీకుతుండు. తలెత్తలే.

"దుబాయి రకమే" అన్న. "గీ పోటీల ఫస్టు గిదే."

అందరు లొల్లి లొల్లి చేసిండ్రు. వంటాయన నవ్వుకుంటనే "ఏది, నన్ను గెలిచిన బీరు నేను సుత చూస్త" అని లేచిండు. నా పానం పోయింది. గ్లాసు నేను ఖాళీ చేసిన గని, సీసల ఉన్నది. మరదలు జరసేపు కదలలే. అన్న చెయ్యి చాపినంక పోసి ఇచ్చింది. ఆయన తాగిండు. అసలు దుబాయిల వండినోడు, ఆయనకు తెల్వదా? నోట్లె తిప్పిండు. మింగిండు. నవ్వు ఆగింది. నన్ను చూసిండు. నా తమ్ముని చూసిండు. కడకు చెల్లెను చూసిండు, అది గ్లాసు కోసం చెయ్యి చాపి అట్లనే నిలవడ్డది.

"వదినె చెప్పినంక దుబాయే" అన్నడు. పోయి బ్యాటరీ తెచ్చి నా తమ్ముని ఒళ్లె పెట్టిండు. "తీస్కో బావా. పొలం కాడికి పనికొస్తది. మల్ల ఆడికి పోకు ఇగ." ఆడికంటే ఏడికో ఆయన చెప్పలే.

ఆయనకు సమజైందా, కాలేదా? నాకు తెల్వది. ఎన్నడూ ఆ మాట మల్ల ఎత్తలే ఆయన.

అందరు బువ్వలకు పోయినంక మోటరు నీళ్లల్ల గ్లాసులు కడుగుతున్నం, నేను, మరదలు. అది నల్లదారం ఇప్పుకుంట, నన్ను చూడకుంట అన్నది: "వదినె, పోసేటప్పుడు సీసల తొక్క ముక్క తేలింది. చీరె కొంగుతోని వడవోసిన. వాసన పోలేదు గదా?"

"నీకెప్పటిసంది ఎరుక?" అన్న.

"వచ్చిన మొదటి దినమే. నిద్రల మరాఠీ మాట్లాడిండు."

చూడు బిడ్డా. నేను దాచింది దాని కోసం. అది దాచింది నా కోసం, అన్నల కోసం. అన్న ఎవరి కోసం దాచిండో! అందరికి ఎరుకే అయితే మేం దాచింది ఎవరికెల్లి? గప్పటిసంది ఆలోచిస్తున్న, ముడి ఊడుత లేదు.

ఆ పొద్దుమూకంగ నా తమ్ముడు బ్యాటరీ వట్టుకొని మా ఇంటికొచ్చిండు. ఇంకా ఎలుగున్నది, అయినా దాన్ని ఏసుకుంట, ఆర్పుకుంట నిలవడ్డడు.

"అక్కా, నిజంగ మంచిగుండెనా?"

"సోంపు జర ఎక్కువైంది" అన్న.

వాడు బ్యాటరీ ఆర్పేసిండు. "ఆడ గట్లనే ఏస్తరక్కా" అన్నడు.

"అవ్, గట్లనే ఏస్తరు" అన్న. గంతే. బువ్వ తిని పోయిండు.

వాడు మల్ల ఎక్కడికీ పోలే. ఎవుసం చేసుకున్నడు, ఇద్దరు పిల్లలైండ్రు. ఆ పిల్లలకు దుబాయి ముచ్చట్లు చెప్పేటోడు, ఇసుక ఎట్లుంటది, మేడలెట్లుంటయి అని. మరదలు పక్కకు కూసోని "ఒంటె సంగతి చెప్పు" అని అందిచ్చేది. వాడు కాలంజేసి మూడేండ్లైంది. అది ఉన్నది, మొన్ననే వచ్చి నాకు ముంత కల్లు ఇచ్చిపోయింది.

ఏం రాసినవ్ ఇప్పటిదాకా? దుబాయి అని రాసినవా, భీవండి అని రాసినవా? రెండూనా? గట్ల రెండు రాస్తే చదివేటోళ్లు పరేషాన్ గారా? భీవండి కొట్టెయ్యి... ఆగాగు, కొట్టేస్తే నేను కూసోని చెప్పిందంత ఏమైతది? ఉండనియ్యి. కాదు, నా తమ్ముని పిల్లలు చదువుతరు, పెద్దోడు నౌకరి ఫారంల సుత మా బాపు దుబాయిల చేసిండని రాసుకుంటడు. జర ఆగు బిడ్డా, కలం పక్కకు పెట్టు. పోయి గా మరదల్ని పిలుచుకరా. వాడు దాని మొగడు, అదే చెప్పాలె, ఏ రకమని రాయాల్నో.