కాలువ కట్ట మీద పదహారు వందల మీటర్లు

ఫౌజులో హవల్దారుగా చేసి ఇంటికొచ్చాక నాకు తెలిసిన పని ఒక్కటే, ఉరకడం, ఉరికించడం. బోధన్ నుంచి రుద్రూర్ వెళ్ళే దారి పక్కన కాలువ కట్ట ఉంది. ఒక వైపు చెరుకు, ఒక వైపు వరి. ఆ కట్ట మీద పన్నెండేళ్ళుగా పొద్దున్నే పిల్లలను ఫౌజు భర్తీ ర్యాలీకి తయారు చేస్తున్నాను. ఫీజు లేదు. తిట్లు మాత్రం ఉచితం.

నా తిట్లకు ఒక కథ ఉంది. నేను పని చేసింది మామూలు పటాలంలో. ఒకసారి కమాండోల్లోకి పోతానని పేరిచ్చాను. అక్కడ మూడు నెలలు పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో దూరం ఎంతో చెప్పరు. బరువు వీపున వేసుకుని నడవమంటారు, నడవాలి. ఇంకెంత అని అడిగినవాడు సగం ఓడినట్టే. నా పక్కన ఒక బక్క మనిషి ఉండేవాడు, నా భుజం దాకా కూడా రాడు. పెద్ద పెద్ద కండలవాళ్ళు కూలబడిన చోట వాడు కూనిరాగం తీసుకుంటూ పోయేవాడు. వాడు మిగిలాడు. నన్ను ఐదో వారంలో శిక్షణ ఇచ్చే ఒక ఉస్తాద్ పిలిచి, కోపం లేకుండా, "సామాను సర్దుకో" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఆ బక్క మనిషి మీద నాకు ఇప్పటికీ అసూయ లేదు, మొక్కాలనిపిస్తుంది. కానీ ఆ రెండు మాటలు మాత్రం నా కడుపులో ముల్లులా ఉండిపోయాయి.

అందుకే ఇంటికొచ్చాక ఒక నియమం పెట్టుకున్నాను. మా పిల్లలెవరూ ర్యాలీ మైదానంలో అంత మందిలో తోసివేయబడకూడదు. ర్యాలీలో పరుగు పదహారు వందల మీటర్లు. మగపిల్లలకు ఐదు నిమిషాల ముప్పై సెకన్లయితే మొదటి వరస, ఐదు నలభై ఐదయితే రెండో వరస. టైమ్ అయిపోగానే గీత దగ్గర తాడు పడుతుంది. తాడుకు అవతల ఉన్నవాడు ఎవరి కొడుకైనా ఇంటికే. ఆ తాడంటే నాకు గౌరవం. లంచం తినదు, కులం అడగదు. ర్యాలీకి నెల ముందు నేను మూడు రోజులు వరసగా టైమ్ చూస్తాను. మూడు రోజులూ టైమ్ దాటిపోయినవాడిని పక్కకు పిలిచి చెప్పేస్తాను, బస్సు చార్జీ దండగ, నీవల్ల కాదు అని. నా దగ్గర మొహమాటం ఉండదు. అట్లా చేయబట్టే నా దగ్గరి నుంచి పోయినవాడు పరుగులో తప్పడు అని చుట్టుపక్కల నవీపేట్ దాకా పేరొచ్చింది. గెలిచేవాళ్ళనే పంపితే ఓడేవాళ్ళెట్లా ఉంటారు అని ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

ఎనిమిదేళ్ళ కింద రుద్రూర్ వైపు నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. వాళ్ళ నాయన చెరుకు నరికే మేస్త్రీ, అమ్మ అక్కడి వ్యవసాయ పరిశోధన పొలాల్లో కూలీ. చెరుకు నరికి, లోడెత్తి, ఆ చేతులతోనే పొద్దున్నే వచ్చి ఉరికేవాడు. మంచి పరుగు. కానీ మూడు రోజులూ ఐదు నిమిషాల యాభై దగ్గరే ఆగాడు. నేను పిలిచి, నాకు చెప్పిన మాటే చెప్పాను. "సామాను సర్దుకో బిడ్డా." వాడు బూట్లు చేత పట్టుకుని కట్ట దిగి పోయాడు. ర్యాలీకి పోనేలేదు. వాళ్ళ నాయన మాత్రం చెరుకు తోటల్లో పదిమంది ముందు "మావోని కాళ్ళల్ల దమ్ము లేదట" అని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడని తరువాత విన్నాను. వాడు చెరుకు ట్రాక్టర్ డ్రైవర్ అయ్యాడు. వయసు దాటిపోయింది.

మొన్నటేడు ఆ పిల్లవాడే, ఇప్పుడు మీసాలొచ్చిన మనిషి, ట్రాక్టర్ కట్ట కింద ఆపి, చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"సార్, మా చెల్లె. మిలిటరీ పోలీసులల్ల ఆడపిల్లల్ని తీసుకుంటున్నరు గదా. దీన్ని సూడున్రి. నాకు జెప్పినట్టే దీనికి గూడ ఉన్నదున్నట్టు జెప్పున్రి" అన్నాడు.

తనను తరిమినవాడి దగ్గరికే చెల్లెలిని తేవాలంటే ఎంత గుండె ఉండాలి. నా కొలత మీద వాడికి నాకంటే ఎక్కువ నమ్మకం ఉంది.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆడపిల్లలను నేను చేర్చుకోలేదు. మా కాలంలో లేని పద్ధతులు చాలా వచ్చాయి, అన్నిటి మీదా సణుగుతూనే ఉన్నాను. మేము ముందు ఉరికి, ఛాతీ కొలిపించుకుని, గుంట దూకి, ఆఖరున పరీక్ష రాసేవాళ్ళం. ఇప్పుడు ముందు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అందులో పాసైతేనే మైదానం. గాలిలా ఉరికే పిల్లలు ఆ కుర్చీలోనే ఆగిపోతుంటే నాకు మండేది. ఇంతా చేస్తే ఉద్యోగం నాలుగేళ్ళు, ఆ తరువాత నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారట. అంటే లోపలికి పోయాక కూడా పోటీయే. ఇవన్నీ చెప్పి ఆ పిల్లను భయపెడదామని చూశాను. ఆమె అంతా విని, "నలుగుర్ల ఒకరంటే ఆ ఒకరు ఎవరో ఒకరు ఉంటరు గదా సార్" అంది. కంప్యూటర్ పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. నా సణుగుడు అక్కడితో బందయింది.

పరుగు మాత్రం కదలలేదు. ఆడపిల్లలకు ఏడున్నర నిమిషాలు మొదటి వరస, ఎనిమిది నిమిషాలు రెండో వరస. ఈమె ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర మొండికేసింది. వానలో ఉరికింది, ఎండలో ఉరికింది, చెరుకు ఆకు చేతులు కోస్తుంటే ఉరికింది. ఆదివారం చర్చికి పోయే ముందు కూడా ఉరికింది. ఇరవై సెకన్లు తగ్గవు. పై ఏడాదికి వయసు దాటుతుంది, ఇదే ఆఖరి ర్యాలీ. నెల ముందు మూడు రోజుల పరీక్ష పెట్టాను. మూడు రోజులూ ఎనిమిది దాటింది. ఆమెను పక్కకు పిలవాలి. సోమవారం చెబుదామని శనివారం వాయిదా వేశాను. మొహమాటం లేదని చెప్పుకునే మనిషిని, మొదటిసారి నాకే నోరు రాలేదు.

సోమవారం పొద్దున ఆమె బూట్లు వేసుకోకుండా వచ్చింది.

"సార్, గీ బాట పదహారు వందలు లేదు" అంది.

"మరెంత ఉన్నది?"

"పదిహేడు వందలు."

"ఎవ్వలు జెప్పిన్రు? నీ ఫోనా?"

ఇంతకు ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్ చూపించి ఇదే మాట అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని ఫౌజుకు పోతావా అని వాళ్ళ నోరు మూయించి, ఫోన్లన్నీ నా స్కూటర్ డిక్కీలో పడేయించాను. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఫోన్ గాదు సార్. టేపు పట్టినం. నిన్న చర్చి అయినంక నేనూ మా అమ్మా. రెండుసార్లు."

ఇది ఫోన్ కాదు, కొట్టిపారేయడానికి లేదు. పరిశోధన పొలాల్లో విత్తనం పెట్టే ముందు మళ్ళను టేపుతో కొలిచి, దారం కట్టి గీస్తారు. జానెడు తేడా వచ్చినా మళ్ళీ కొలవాలి. వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ టేపు కొన పట్టుకునే మనిషి. సెలవుల్లో ఈ పిల్ల రెండో కొన పట్టుకునేది. ఆ చేతులు కొలిచాయంటే కొలిచినట్టే. అయినా నా పొగరు ఊరుకుంటుందా.

"నా ముందట కొలువు" అన్నాను.

కొలిచాం. ఒక కొన ఆమె, ఒక కొన నేను. వాళ్ళన్న ట్రాక్టర్ ఆపి కట్ట మీదికొచ్చి చూస్తూ నిలబడ్డాడు. నా బాట, మొదలు రాయి నుంచి తూము దాకా పోయి, వెనక్కి తిరిగి రావాలి. పోను ఎనిమిది వందలు, రాను ఎనిమిది వందలు. తూము ఇంకా ముందే ఉండగా ఎనిమిది వందలు అయిపోయాయి. తూము దగ్గర టేపు ఎనిమిది వందల యాభై చూపించింది.

తప్పెక్కడ జరిగిందో నాకు అక్కడే వెలిగింది. పన్నెండేళ్ళ కింద ఆ దూరాన్ని నా మోటారు సైకిల్ మీటరుతో కొలిచాను. అందులో చివరి ఎర్ర అంకె వంద మీటర్లకొకసారి మారుతుంది, అది ఎనిమిది పడగానే ఆగాల్సింది. ఎదురుగా తూము కనబడింది, గుర్తుకు బాగుంటుంది కదా అని, ఎనిమిది సగం పైకి జరిగిందాకా పోయి ఆపాను. ఇంకా ఎనిమిదే కదా అనుకున్నాను. పోను యాభై, రాను యాభై. అంత నిర్లక్ష్యంతో గీసిన గీత మీద నిలబడి పన్నెండేళ్ళు తీర్పులు చెప్పాను.

ఒప్పుకోవాల్సింది పోయి, నోటికొచ్చిన మాట ఒకటి అన్నాను. "ఎక్కువ ఉరికితే మంచిదే గదా. ఆడికి పోయినంక సులువైతది. కమాండోలకైతే అసలు దూరమే జెప్పరు."

ఆ పిల్ల టేపు చుట్టుకుంటూ తల ఎత్తకుండా అంది. "జెప్పకపోతే వేరే సంగతి సార్. మీరు పదహారు వందలని జెప్పిన్రు. గది నమ్మి మా అన్న ఇంటికొచ్చిండు."

ఇరవై ఏళ్ళు ఫౌజులో ఉన్నాను, ఆ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

అన్న అప్పటికే ఫోన్ తీసి లెక్క కడుతున్నాడు. నేను వాడి మొహం చూడలేక చెరుకు వైపు చూస్తున్నాను. వాడు చెప్పింది చెల్లెలి లెక్క.

"ఏడు నిమిషాల యాభై. ఎనిమిదిలోపే ఉన్నవు చెల్లె. ర్యాలీకి పో" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, లోడు ఆలస్యమవుతుందని కట్ట దిగిపోయాడు. తన లెక్క కట్టుకోలేదు. నేను కట్టాను. ఐదు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు. రెండో వరస కూడా కాదు, మొదటి వరస.

ఆ రోజే మొదలు రాయిని యాభై మీటర్లు తూము వైపు జరిపాను. టైములు రాసిపెట్టుకున్న పాత పుస్తకం తీసి అన్నీ మళ్ళీ లెక్కవేశాను. నేను ఇంటికి పంపినవాళ్ళలో ఇంకొందరు కూడా పాసయ్యే టైమే ఉరికినట్టు తేలింది. ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పి వస్తున్నాను. ఒకాయన తలుపు వేసేశాడు. వేయనీ.

ఆ పిల్ల ర్యాలీకి పోయింది. అన్న తోడు పోయాడు. ఏడు నిమిషాల నలభై ఆరు సెకన్లు అని అక్కడి నుంచి ఫోన్ చేసి చెప్పింది, ఊపిరి ఇంకా సరిగ్గా అందకుండానే. దూకడం, డాక్టరు పరీక్ష అన్నీ దాటింది. కొన్ని వారాలకు జాబితాలో ఆమె నంబరు వచ్చింది. నా దగ్గరి నుంచి ఎందరో పోయారు. కానీ నన్నే కొలిచి, నన్నే దాటి పోయింది ఈమె ఒక్కతే. కమాండోల్లో మిగిలిన ఆ బక్క మనిషి తరువాత నేను మనస్ఫూర్తిగా సెల్యూట్ కొట్టాలనుకున్న మనిషి ఈ చెరుకు మేస్త్రీ బిడ్డ.

జాబితా వచ్చిన రోజు అన్న దగ్గరికి పోయాను. చెరుకు లోడుకు తాళ్ళు బిగిస్తున్నాడు.

"నన్నేం జేయమంటవ్ బిడ్డా?" అన్నాను.

"మీరేం జేస్తరు సార్. ఉమరు దాటింది" అన్నాడు. ఇంకొక ముడి వేశాడు. "ఒక్క పనుంది. మా బాపుకు జెప్పున్రి. చెల్లె జెప్తే, అన్నను ఎనకేసుకొస్తున్నవని కొట్టిపారేసిండు. మీరు జెప్తే వింటడు" అన్నాడు.

ఆ సాయంత్రమే పోయాను. పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బిడ్డకు ఉద్యోగం వచ్చిన సంబరంలో నన్ను చూసి లేవబోయాడు. కూర్చోబెట్టాను. నేను మాత్రం నిలబడే చెప్పాను, పెద్ద ఆఫీసరుకు రిపోర్టు ఇచ్చినట్టు. బాట తప్పు, కొలిచింది నేను, మీ కొడుకు ఫౌజుకు సరిపోయే పరుగే ఉరికాడు, మొదటి వరసలో వచ్చేవాడు, వద్దని పంపింది నేను. టైమ్ కూడా చెప్పాను. కొడుకు దర్వాజ దగ్గర నిలబడి గోడ వైపు చూస్తున్నాడు.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన చేతుల వైపు చూసుకున్నాడు. "మీరు ఒక్కపారి తప్పు కొలిసిన్రు సార్. నేను ఎనిమిదేండ్లు గదే కొలత పట్టుకోని నా కొడుకును మందిల తక్కువ జేసిన" అన్నాడు.

తరువాత కొడుకు వైపు తిరిగాడు. పరుగు గురించి ఆయన కొడుకును ఏమైనా అడగడం ఎనిమిదేళ్ళలో అదే మొదలట.

"అయిదు నిమిషాల ఇరువై తొమ్మిదా? గంత జల్ది ఉరికినవారా?"

"ఉరికిన బాపూ" అన్నాడు.