మేక ఒప్పుకుందట

పార్వతీపురంలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. చైతన్యం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మధ్యలో ఒక గీత గీస్తాను. జంతువు లోపల ఏమీ ఉండదు, అదొక కదిలే యంత్రం అనేవాళ్లు ఒక పక్క. దానికి నొప్పి తెలుస్తుంది, మనిషిని గుర్తుపడుతుంది, మనకున్న ఎరుకే దానికీ కొంత ఉంటుంది అనేవాళ్లు ఇంకో పక్క. పోయిన వేసవి దాకా ఈ తగువులో నేను ఎవరి పక్షమూ కాదు.

గుమ్మలక్ష్మీపురం అవతల కొండ మీద మా ఊరు. దసరా సెలవుల్లో తల్లి చచ్చిపోయిన మేకపిల్లను సీసాపాలు పట్టి పెంచాను. కాలేజీ తెరిచాక అన్నయ్యకు అప్పగిస్తూ, దీన్ని మాత్రం కొయ్యనని మాట తీసుకున్నాను.

"నీ మేక జోలికి ఎవులూ రారు" అన్నాడు.

కొత్త మామిడికాయ అమ్మవారికి పెట్టే పండగ నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "నీ మేక ఏటీ ముట్టడం నేదు సెల్లీ. బేగి రా."

దిద్దుతున్న పేపర్లు వదిలేసి బస్సెక్కాను. దారంతా దానికేమైందోనన్న ధ్యాసే.

ఇంటి వెనక కట్టేసి ఉంది. నన్ను చూడగానే తాడు తెగేలా లాగి అరిచింది. అన్నయ్య చేటలో బియ్యం తెచ్చి, "నీ సేత్తో పెట్టు, తింటాదేటో సూద్దాం" అన్నాడు. దోసిట్లో పెడితే గబగబా తినేసి నా వేళ్లు కూడా నాకింది. నేను మురిసిపోయాను.

దడి అవతల నుంచి ఎవరో దగ్గారు. ఊరి పూజారి, పక్కన పెద్దలు.

"తినీసింది. ఒప్పుకున్నట్టే" అన్నాడు పూజారి.

మా వాళ్లు బలికి ముందు జంతువుకు బియ్యం పెడతారు. తింటే ఒప్పుకున్నట్టు, తినకపోతే వదిలేయాలి. పొద్దున పూజారి పెడితే నా మేక మూతి తిప్పేసుకుందట. అందుకే నాకు ఫోన్ వచ్చింది.

తాడు పట్టుకుని అడ్డం పడ్డాను.

"మేం బలవంతం సేసినామేటి? అదే తింది గదా, అందరూ సూసినారు" అంటూ అన్నయ్య నా వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. పరాయివాడు చేసుంటే ఇంత ఒళ్లు మండేది కాదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నన్నే ఎరగా వాడుకున్నాడు.

సాయంత్రం విస్తట్లో కూర తెచ్చి నా ముందు పెట్టాడు. "మేకే గదా సెల్లీ. దానికేటి తెలుస్తాది?"

మధ్యాహ్నం ఒప్పుకునేంత తెలివున్న మేక, పొద్దుగూకే సరికి ఏమీ తెలియనిదైపోయింది. విస్తరి పక్కకు జరిపాను. ఎవరి చెయ్యి నమ్మాలో దానికి తెలుసు. ఆ సంగతి మా అన్నయ్యకు ఇంకా బాగా తెలుసు.