ఇంగువ వాసన అనుకున్నాం

నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఇది నాకు జరిగింది... నాకూ, మా ఆయన శామ్యూల్‌కీ, మా ఆరేళ్ల గ్రేసీకీ. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను.

అమెరికాలో మేముండే హెర్న్‌డన్ నుంచి కొండల్లోకి వెళ్లాం. చలి మొదలైన రోజులు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రైలర్ ఒకటి అద్దెకు తీసుకున్నాడు శామ్యూల్. వంట, పడక, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. క్యాంప్‌గ్రౌండ్‌లో మాది తప్ప ఇంకో బండి లేదు. చుట్టూ చెట్లు... చీకటి... అంతే.

ట్రైలర్ ఇచ్చినతను రెండే రెండు చెప్పాడు. బాత్‌రూమ్ మురికి ట్యాంక్ నిండేదాకా దాని వాల్వ్ మూసే ఉంచండి, తెరిచి పెడితే లోపలంతా కంపు కొడుతుంది అన్నాడు. రెండోది గ్యాస్ సంగతి. అది లీకైతే కిందికే దిగుతుందట, అందుకని అలారం నేల దగ్గర పెట్టారట, దాని జోలికి వెళ్లొద్దన్నాడు. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. దిగగానే ఆ వాల్వ్ బార్లా తెరిచి పెట్టాడు. ఇక అలారం సంగతి వినండి.

సాయంత్రం పప్పుచారు పెట్టాను. పోపులో ఇంగువ అలా పడిందో లేదో, అలారం కీచుమని మొదలెట్టింది. గ్రేసీ చెవులు మూసుకుంది.

"నీ ఇంగువకి అమెరికా అలారం కూడా తట్టుకోలేకపోతోందే," అని నవ్వుతూ శామ్యూల్ దాని ఫ్యూజ్ పీకేశాడు.

"టచ్ చెయ్యొద్దన్నాడు కదా శామ్!"

"మార్నింగ్ పెట్టేస్తాలే. పాపని పడుకోనీ."

ప్రార్థన చేసుకుని పడుకున్నాం. మేమిద్దరం పైన మంచం మీద. గ్రేసీ కింద, తలుపు పక్కన, నేలకి జానెడు ఎత్తున్న పరుపు మీద. వాసన మాత్రం పోలేదు. కుళ్లిన గుడ్ల వాసన.

"ఏంటి శామ్ ఈ కంపు?"

"నీ ఇంగువే. కాకపోతే ట్యాంక్. పడుకో తల్లీ, రేపు చూద్దాం."

నిజమే అనుకున్నాను. ఇంగువా, ట్యాంకూ కలిస్తే అలాగే ఉంటుంది కదా. గిన్నెలు సర్దే హడావుడిలో పొయ్యి నాబ్ కాస్త తిరిగి ఉండిపోయిందని మాకేం తెలుసు?

ఎప్పుడో మెలకువ వచ్చింది. తలంతా దిమ్ముగా ఉంది. అప్పుడు వినిపించింది...

కిర్ర్...

ఆగింది.

కిర్ర్... కిర్ర్...

నా తల వైపు, గోడకి బయట. గ్యాస్ సిలిండర్లు ఉండేది అక్కడే. ఎవరో నాబ్ తిప్పుతున్నారు. తొందరేం లేదు. కొంచెం తిప్పి... ఆగి... మళ్లీ తిప్పి... శామ్యూల్ బయటికి వెళ్లాడేమో అనుకుని చెయ్యి చాపాను. పక్కనే ఉన్నాడు. గురక పెడుతున్నాడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. లేద్దామంటే కాళ్లు కదలవు. అరుద్దామంటే గొంతు రాదు. బయట ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. అడుగు వేస్తే చప్పుడు కావాలి కదా? ఒక్క ఆకు కూడా నలగలేదు.

తర్వాత చల్లగాలి ముఖాన కొట్టింది. ఆ చలికి గ్యాస్ హీటర్ దానంతటదే మొదలెట్టింది. టిక్... టిక్... టిక్... అంటుకోవాలని చూస్తోంది, అంటుకోవడం లేదు. ఆ చప్పుడుకి శామ్యూల్ లేచి కూర్చున్నాడు. గాలి పీల్చాడు.

"గ్యాస్! పాపని తియ్యి! లైట్ వెయ్యకు!"

గ్రేసీని ఎత్తాను. మెడ వాలిపోయింది. పిలిస్తే పలకదు. ఎలా బయటపడ్డామో తెలియదు. గడ్డిలో కూలబడి, చెంపలు తడుతూ, "గ్రేసీ... గ్రేసమ్మా..." అని అరుస్తున్నాను. ప్రభువా, ఆ నిమిషం పగవాళ్లకి కూడా వద్దు. చివరికి దగ్గింది... కక్కింది... ఏడ్చింది. దాని ఏడుపు విని నేనూ భోరుమన్నాను.

శామ్యూల్ సిలిండర్లు కట్టేయడానికి పరుగెత్తాడు. వెళ్లినవాడు అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరు కట్టారే వీటిని?"

రెండూ బిగించి ఉన్నాయి. సిలిండర్ల నిండా తెల్లగా మంచు పట్టింది. నాబ్‌ల మీద మాత్రం లేదు.

హాస్పిటల్‌లో పాపకి ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. క్యాంప్‌గ్రౌండ్ మేనేజర్‌ని అడిగితే, అటుగా వెళ్తున్నవాళ్లెవరో వాసన పసిగట్టి కట్టేసి ఉంటారన్నాడు. సరే, ఒప్పుకుందాం. మరి తలుపు? మేం పరుగెత్తింది తెరిచి ఉన్న తలుపులోంచి. చల్లగాలి వచ్చిందీ అందులోంచే. దాని గడియ లోపలే ఉంది, పడుకునేముందు నేనే వేశాను. బయటినుంచి ఎవరూ తీయలేరు. నిద్రమత్తులో నేనే తీశానంటాడు శామ్యూల్. తీసి, మళ్లీ వచ్చి మంచమెక్కి పడుకున్నానా? ఏమో... తల దిమ్ముగా ఉన్న మాట నిజమే.

చర్చిలో ఆంటీలు విని, "దేవదూతే అమ్మా, సాక్ష్యం చెప్పు," అన్నారు. లేచి నిలబడ్డాను. చెప్పకుండానే మళ్లీ కూర్చున్నాను. నా పిల్ల నాకు దక్కింది, రోజూ మోకరించి స్తోత్రం చెప్పుకుంటున్నాను. కానీ ఆ గడియ తీయాలంటే గ్రేసీ పరుపు మీదుగా వంగాలి. లోపల నిలబడి... చీకట్లో... నా పిల్ల మీదికి వంగింది ఎవరు? దేవదూతే అయితే... నాకు అంత భయం ఎందుకు వేసింది?