ఆఖరి ఓడ ఎడ్విన్

ఎడ్విన్ ఫ్లెట్ ఎవరి పక్కనా నడిచేవాడు కాదు. వెనక నడిచేవాడు. సరిగ్గా పదిహేను అంగల వెనక. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.

యుద్ధంలో ఆయన యుద్ధనౌకల దళంలో పనిచేశాడు. ఎనిమిది ఓడలు మా స్కాపా రేవులోంచి ఒకదాని వెనక ఒకటి చీమల బారులా బయల్దేరేవి. ఓడకీ ఓడకీ మధ్య ఎడం చెదరకూడదు. ఎడ్విన్‌ది ఎనిమిదోది, అన్నిటికంటే ఆఖరిది. యుద్ధం అయిపోయింది, ఓడలు తుక్కుకి పోయాయి. ఎడ్విన్ మాత్రం వరస తప్పలేదు.

ఐసాని, నన్ను పెళ్ళాడతావా అని అడిగింది కూడా పదిహేను అంగల వెనకనుంచే. గాలికి వినపడదని కేకేశాడు. ఐసా సరే అనేలోపు వీధిలో ముగ్గురు సరే అన్నారు.

ఆవుని మేతకి తోలితే ఆవు ముందు, ఆయన వెనక. ఆవు ఆగితే ఆయనా ఆగేవాడు. అది కాసేపు చూసి, ఇతగాడితో పెట్టుకుంటే లాభం లేదని తనే నడిచేది.

రొట్టెల కొట్టు దగ్గరా అంతే. వరసలో అంత ఎడంగా నిలబడితే వరసలో ఉన్నాడని ఎవడికి తెలుస్తుంది? వచ్చినవాళ్ళంతా మధ్యలో దూరేవాళ్ళు.

"రొట్టె ఏదయ్యా?" అనేది ఐసా.

"ముందున్న ఓడలన్నీ కదిలాక వెళ్ళాను ఐసా. అయిపోయింది."

"ముందున్న ఓడలు తినగా మిగిలిన అంచు ముక్కైనా తేలేకపోయావా?"

ఊళ్ళో వాళ్ళకి అదో వేడుక. "ఏం ఐసా వదినా, మీ ఆయన వెంటపడుతున్నాడా, నువ్వు తరిమేశావా?" అని చేపలమ్మే బార్బరా రోజూ అడిగేది. ఐసా అందరితోపాటు నవ్వేది. కానీ ఆవిడ నడక బాతు నడక. రెండు పక్కలకీ ఊగుతుంది. పక్కన నడవడానికి సిగ్గుపడే మొగుడు వెనక పడుతున్నాడని లోపల్లోపల ఉడికిపోయేది. ఆ మాట పంతొమ్మిదేళ్ళు అడగలేదు. అడక్కుండా దెప్పింది.

కూతురు మేరియన్ పెళ్ళి కుదిరింది. మా దీవుల్లో పెళ్ళంటే అందరూ జంటలు జంటలుగా, ఫిడేలు వాయించేవాడి వెనక చర్చికి నడవాలి. చిట్టచివరి జంట పొద చీపురు ఈడ్చుకుంటూ దారి ఊడ్చుకుంటూ వస్తారు.

"ఆ ఒక్కరోజు నాతో నడవకపోయావో, ఇంట్లో ఇక పొయ్యి వెలగదు" అంది ఐసా.

"అలాగే."

"అలాగే అంటే పక్కనా, వెనకా?"

"పక్కనే ఐసా."

నడిచాడు పాపం. ఉరికంబానికి నడిచేవాడిలా చెమటలు కక్కుతూ, పది అంగలకోసారి వెనక్కి తిరిగి చూస్తూ.

"మెడ విరుగుతుంది. ముందు చూసి నడువు."

పాత మిల్లు దాటగానే సముద్రం మీంచి పొగమంచు కమ్మేసింది. ఐసా పక్కకి చూస్తే ఎడ్విన్ లేడు.

చర్చి గుమ్మం దాకా ఒక్కతే నడిచింది. తలెత్తలేదు. తోక జంట వట్టి చేతులతో వచ్చారు. "చీపురేదర్రా?" అంటే, "మామయ్య లాక్కుని వెనక్కి పోయాడత్తా" అన్నారు.

పెళ్ళి ఆగింది. అరగంటకి మంచులోంచి ఎడ్విన్ తేలాడు. చంకలో చీపురు, వీపు మీద ఎనభై ఏళ్ళ బెల్లా, పెళ్ళికొడుకు మేనత్త. ఆవిడ ఒక కాలికే జోడుంది.

"జోడు కట్టుకుందామని వంగి కాలవలో పడ్డానే. ఎంత అరిచినా ఆ దిక్కుమాలిన ఫిడేలు మోతలో ఎవడికి వినపడుతుంది?" అంది బెల్లా.

"బయల్దేరినప్పుడు నలభై మందిమి. మంచు పట్టాక చూస్తే ముప్పై తొమ్మిది" అన్నాడు ఎడ్విన్, తప్పు చేసినవాడిలా.

ఐసా ఆయన్ని గోడ వారకి లాగింది. "అయితే నా నడకకి సిగ్గుపడి కాదా?"

"నీ నడకకేమైంది?" నిజంగానే తెలియక అడిగాడు. తర్వాత చీపురు పుల్లలు సవరిస్తూ చెప్పాడు. "ఒకసారి ఇలాంటి మంచులోనే ముందు ఓడ మీంచి ఒకతను నీళ్ళలో పడ్డాడు. చూసింది నేనొక్కణ్ణే. అరిచాను. చుట్టూ జలాంతర్గాములున్నాయి, ఎవరికోసమూ ఆగకూడదని ఉత్తర్వు. అతను చెయ్యెత్తాడు, వెనకొచ్చేవాళ్ళు ఎత్తుకుంటారులే అన్నట్టు. మా వెనక ఇంకో ఓడ లేదు ఐసా."

పంతొమ్మిదేళ్ళ దెప్పుళ్ళు వెనక్కి మింగే వీలుంటే ఐసా ఆ గోడ దగ్గరే మింగేసేది. వీలుండదు కదా. తిరుగు నడకలో చీపురుకి ఒక కొస తను పట్టుకుంది. పెళ్ళికూతురి తల్లి తోకన ఊడవడమేంటని నవ్వారు.

"తోకన ఇద్దరు పడతారు. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు నాకు" అంది.

ఆ తర్వాత వాళ్ళు పక్కపక్కన నడిచింది నాలుగేళ్ళే. నోరు తెరిచి ఒక్కమాట అడిగుంటే ఇరవై మూడేళ్ళు నడిచేదాన్ని అని ఐసా చివరిదాకా నొచ్చుకునేది.

ఎడ్విన్‌ని పూడ్చడానికి తీసుకెళ్ళే రోజున పాదిరి అడ్డొచ్చాడు. "ఆడవాళ్ళు సమాధుల దాకా రారమ్మా."

"ఆయన మొదటిసారి అందరికంటే ముందు పోతున్నాడు బాబూ. తోకన మనిషి అక్కర్లేదా?"

అందరికీ పదిహేను అంగల వెనక, బాతులా ఊగుతూ నడిచింది. గేటు దగ్గర తలలు లెక్కపెట్టుకుంది. ఒకటి తక్కువ. ఫిడేలు ముసలాడు సారాకొట్టు దగ్గర ఆగిపోయాడు. ఐసా వెనక్కి వెళ్ళి, చెవి పట్టుకుని తీసుకొచ్చింది.